హైదరాబాద్‌ని ఫోటో తీయాలంటే: ముందు పేట, తర్వాత వేళ, లెన్సు ఆఖర్న

"ఏ కెమెరా కొనాలి, ఏ లెన్సు అయితే బాగుంటుంది" అని అడిగేవాళ్లే ఎక్కువ. ఏ వీధికి వెళ్లాలి, ఎన్ని గంటలకి వెళ్లాలి అని అడిగినవాళ్లు నాకు చాలా తక్కువ మంది తగిలారు. భవనాలు ఫోటో తీసి వాటిలో ఊరి స్వభావం చూపించాలనుకుంటే ఈ వరస తిరగేయాలని నేనంటాను. ముందు పేట తేల్చుకోండి, తర్వాత వేళ, లెన్సు సంగతి ఆఖర్న. కెమెరా సంగతి దానికీ ఆఖర్న.

ఇది నేను డబ్బులు పోసి నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట రెండు నెలల జీతం పెట్టి, ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ లెన్సు ఒకటి కొన్నాను. ఏడాది పాటు చార్మినార్, మక్కా మసీదు, గోల్కొండ, మళ్లీ చార్మినార్. ఓ పండక్కి ఇంటికెళ్లినప్పుడు లాప్‌టాప్‌లో మా అక్కకి చూపించాను. ఓపిగ్గా నలభై ఫోటోలూ చూసింది. చూసి, "చార్మినార్ బానే ఉంది గానీ, హైదరాబాద్ ఏదిరా?" అంది. కోపం వచ్చింది, కానీ ఆవిడ అన్నది నిజం. ఆ ఫోటోలు ఎవరైనా తీయొచ్చు, చాలామంది తీశారు కూడా. అందులో నేను చూసిన ఊరు లేదు.

కాబట్టి ఈ పోలిక అంతా హైదరాబాద్ పట్టుకునే రాస్తున్నాను, నాకు కాళ్లరిగేలా తెలిసిన ఊరు అదొక్కటే. మీది విశాఖ అయినా రాజమండ్రి అయినా ప్రశ్నలు ఇవే, జవాబులు మారతాయి.

ఏ పేట?

చాలామంది ఊరంతా ఒక్క ఆల్బమ్‌లో పట్టేయాలని చూస్తారు. పొద్దున చార్మినార్, మధ్యాహ్నం గోల్కొండ, సాయంత్రం కేబుల్ బ్రిడ్జి. అలా తిరిగితే పెట్రోలు అయిపోతుంది, ఫోటోలు మాత్రం టూరిజం బస్సులోంచి తీసినట్టుంటాయి. ఒక పేట ఎంచుకుని నాలుగైదు సార్లు వెళ్లడం మేలు. నా లెక్కన హైదరాబాద్‌లో ఎంచుకోదగ్గవి నాలుగు: పాతబస్తీ, మూసీ ఒడ్డు, సికింద్రాబాద్, హైటెక్ సిటీ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఉన్న పడమటి వైపు. వీటిలో ఏది మంచిది అంటే, ఊరి గురించి మీరేం చెప్పాలనుకుంటున్నారో దాన్ని బట్టి.

పాతబస్తీలో దొరికేది పాత కట్టడం కాదు, పాత కట్టడంలో ఇంకా జరుగుతున్న బతుకు. ఈ తేడా పట్టుకోకపోతే మీకు 1591 నాటి చార్మినార్ ఒక్కటే కనపడుతుంది. అందుకే నేను చార్మినార్ దగ్గర కాకుండా మదీనా చౌరస్తా దగ్గర మొదలుపెట్టమంటాను. అక్కడ్నుంచి పత్తర్‌గట్టీ మీదుగా నడిస్తే మచిలీ కమాన్, గుల్జార్ హౌజ్ ఫౌంటెన్, మళ్లీ ఒక కమాను, ఆ తర్వాత చార్మినార్. ఆగకుండా నడిస్తే పదిహేను నిమిషాల దారి, నాకు మాత్రం ఏనాడూ రెండు గంటలకు తక్కువ పట్టలేదు. పత్తర్‌గట్టీ అంటే పేరులోనే రాయి ఉంది. రోడ్డుకి రెండు వైపులా గ్రానైట్ రాతి కమాన్ల వరస, కమాన్ల కింద నడవా, నడవాలో ముత్యాలు, అత్తరు, పెళ్లి బట్టల దుకాణాలు. 1908 మూసీ వరద తర్వాత ఊరిని మళ్లీ తీర్చిదిద్దడానికి 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వాళ్లు కట్టించింది ఈ బజారు.

ఇక్కడ ఒక కమాను స్తంభం గురించి చెప్తాను, ఎందుకంటే నాకు ఈ ఊరు అర్థమైంది దాని ముందు నిలబడ్డప్పుడే. నడుము ఎత్తు దాకా రాయి నున్నగా, నల్లగా ఉంటుంది, ఇన్నేళ్లుగా జనం వీపులు ఆనించి ఆనించి. దానిపైన కరెంటు మీటరు, మీటరు నుంచి ఐదారు రంగుల వైర్లు, వైర్ల కోసం రాతి అంచులో ఎవరో ఉలితో కొట్టిన గాడి. ఇంకా పైన తుప్పు పట్టిన ఇనప కొక్కెం, దానికి వేలాడే నిమ్మకాయ, నాలుగు పచ్చిమిరపకాయలు. అన్నిటికన్నా పైన, కమాను వంపు మొదలయ్యే చోట, చెక్కిన రాతి పువ్వు సగం, మిగతా సగం మీద చీరల ఫ్లెక్సీ. నేను దాన్ని ఫోటో తీస్తుంటే పక్క దుకాణం పెద్దాయన షట్టర్ ఎత్తుతూ ఆగి, "ఖాలీ ఖంబే కా ఫోటో కాయ్కు సాబ్? చార్మినార్ ఉధర్ హై" (ఉత్త స్తంభానికి ఫోటో ఎందుకు సార్, చార్మినార్ అటుంది) అని చెయ్యి చూపించి మరీ చెప్పాడు. ఆ ఫోటోనే మా అక్కకి పంపితే "ఆ, ఇదీ" అని జవాబిచ్చింది.

మూసీ ఒడ్డుది వేరే స్వభావం. అక్కడ ఊరు తన దర్జా చూపించుకుంటుంది. నదికి దక్షిణాన 1920లో తెరిచిన హైకోర్టు, ఉత్తరాన ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం. రెండూ విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు గీసినవే, కాచిగూడ స్టేషన్ కూడా ఆయనదే. గుమ్మటాలు, చిన్న చిన్న మినార్లు, పెద్ద పెద్ద కమాన్లు. మధ్యలో మాత్రం మూసీ, దాని వాసనతో సహా. ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది, 1908 వరదలో దాని కొమ్మలెక్కి నూట యాభై మంది దాకా బతికారని చెప్తారు. గుమ్మటాన్ని వెనక పెట్టి చెట్టుని ముందు పెట్టి తీస్తే, ఆ భవనాలు అక్కడికి ఎందుకొచ్చాయన్న కథంతా ఒక్క ఫ్రేములోకి వస్తుంది. తక్కువ తిరిగి ఎక్కువ సాధించాలంటే ఇదే. కాకపోతే జనం దూరంగా ఉంటారు, భవనాలే మాట్లాడాలి. జనం మొహాలు తీయడానికి మొహమాటపడేవాళ్లకి నేను మూసీ ఒడ్డునే మొదలుపెట్టమంటాను. ఆవరణ లోపల తీయాలంటే మాత్రం అడిగి వెళ్లండి.

సికింద్రాబాద్ 1806లో పుట్టిన కంటోన్మెంటు ఊరు, నిజాం సికందర్ జా పేరు మీద. అక్కడ పాతబస్తీలాంటి హడావిడి ఉండదు, నిదానం ఉంటుంది. క్లాక్ టవరు, మోండా మార్కెట్ వెనక సందులు, మూల మీద ఇరానీ హోటళ్లు, గుండ్రటి బాల్కనీలతో అడ్డగీతలతో ఉండే పాత డాబాలు. ఆ డాబాలది ఆర్ట్ డెకో అనే పద్ధతి, 1930లు, 40ల ఫ్యాషను. గేటు గ్రిల్లులో ఉదయించే సూర్యుడి బొమ్మ కనిపిస్తే ఆ కాలందే అని చాలావరకు అనుకోవచ్చు. ఇవి ఏ గైడు పుస్తకంలోనూ ఉండవు, ఎవరూ కాపాడరు, మూడు నెలలు ఆగి వెళ్తే ఆ చోట రేకుల కంచె, లోపల పొక్లెయిన్ ఉంటాయి. తొందరపడాల్సిన పేట ఏదైనా ఉందంటే ఇదే. చార్మినార్ మీ కోసం ఆగుతుంది, ఈ డాబాలు ఆగవు.

పడమటి వైపు గురించి నా అభిప్రాయం ఈమధ్య మారింది. అద్దాల బిల్డింగులు ఏ ఊళ్లోనైనా ఒకటే అని కొట్టిపారేసేవాణ్ణి. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి అక్కడ కట్టినవన్నీ చాలావరకు అంతే కూడా. కానీ ఒక సాయంత్రం ఖాజాగూడ గుట్టల మీదికి ఎక్కినప్పుడు తెలిసింది, అక్కడ తీయాల్సింది అద్దాలని కాదు, అద్దాలకీ బండలకీ ఉన్న పంచాయితీని. ఆ గ్రానైట్ వయసు 250 కోట్ల ఏళ్లు అంటారు. ఒకదాని మీద ఒకటి పడిపోతాయా అన్నట్టు నిలబడ్డ గుండ్లు, వాటి వెనక పాతికేళ్లు కూడా లేని టవర్లు, మధ్యలో బ్లాస్టింగ్ చేసిన తెల్లటి కోత. ఈ ఫోటో బెంగళూరులో రాదు, గుర్‌గావ్‌లో అసలే రాదు. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి తీసేటప్పుడు కూడా కింద ఒడ్డున బండ ఒకటి ఫ్రేములో ఉండేలా చూడండి. బండ తీసేస్తే అది ఏ ఊరి బ్రిడ్జో చెప్పలేం.

నన్ను ఒకటే చెప్పమంటే, ఒక్క ఆదివారమే చేతిలో ఉంటే పత్తర్‌గట్టీ. రెండు మూడు నెలలు వారం వారం తిరిగే ఓపిక ఉంటే సికింద్రాబాద్. పగలంతా ఆఫీసులో ఉండి సాయంత్రం గంట మాత్రమే దొరికేవాళ్లు ఆఫీసు పక్కనే ఉన్న బండల దగ్గరికి వెళ్లండి, ట్రాఫిక్‌లో పాతబస్తీ చేరేసరికి వెలుగు పోతుంది.

ఏ వేళ?

హైదరాబాద్‌లో "లైట్ తీస్కో" అనని వాడు ఉండడు. ఫోటోలు తీసేవాళ్లు దాన్ని అక్షరాలా పాటించాలి.

పొద్దునా, సాయంత్రమా అన్నది ఇష్టాయిష్టాల ప్రశ్న కాదు, గోడ ఎటు తిరిగి ఉందన్న ప్రశ్న. మదీనా నుంచి చార్మినార్ రోడ్డు సుమారుగా ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. అంటే పడమటి వైపు కమాన్ల మీద పొద్దున ఎండ పడుతుంది, తూర్పు వైపు కమాన్ల మీద సాయంత్రం. రెండు వైపులా ఒకే పూట తీయాలని చూస్తే ఒక వైపు ఎప్పుడూ చప్పగా వస్తుంది. గాజుల దుకాణాలుండే లాడ్ బజార్ చార్మినార్ నుంచి పడమటికి పోతుంది కాబట్టి సాయంత్రం పొద్దు వాలేటప్పుడు వీధి చివరి నుంచి వెలుతురు మీ మొహాన కొడుతుంది. భవనాలు నల్లబడతాయి, గాజులు మెరుస్తాయి. గాజులు కావాలంటే అదే సమయం, కిటికీల చెక్కడాలు కావాలంటే పొద్దున్నే రండి.

నాకు తెలీక రెండు చలికాలాలు వృథా చేసుకున్న సంగతి ఒకటి చెప్తాను. మచిలీ కమాన్ వైపు నుంచి చూస్తే కనిపించేది చార్మినార్ ఉత్తరపు ముఖం. డిసెంబరు, జనవరిలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపే ఒరిగి ఉంటాడు, కాబట్టి ఆ ముఖం మీద నేరుగా ఎండ పడనే పడదు. నేనేమో చలికి వణుకుతూ పొద్దున ఆరున్నరకి వెళ్లి నిలబడేవాణ్ణి, గోపురం వెనక బంగారు వెలుగు, నా వైపు బూడిద రంగు. ఆకారం మాత్రమే కావాలంటే అది మంచిదే, వెనక వెలుతురులో నాలుగు మినార్లూ నల్లగా తేలతాయి. కానీ సున్నపు పూల పనితనం కావాలంటే చలికాలంలో దక్షిణం వైపు నుంచి తీయాలి. హైకోర్టుకీ ఇదే బాధ, దాని ముఖం నది వైపు, అంటే ఉత్తరానికి. ఎదురుగా ఉన్న ఉస్మానియా ఆసుపత్రి ముఖం దక్షిణానికి కాబట్టి చలికాలమంతా దానికి ఎండే ఎండ. ఒకే ఆర్కిటెక్టు, ఒకే నది, ఒకే రోజు, ఒకటి వెలుగులో, ఇంకొకటి నీడలో.

మధ్యాహ్నం అసలు తీయకూడదని అందరూ చెప్తారు. నేను ఒప్పుకోను. పాతబస్తీ సందులు కొన్ని ఎంత ఇరుకంటే వాటి అడుక్కి ఎండ చేరేది మధ్యాహ్నమే. మే రెండో వారం చుట్టుపక్కల, మళ్లీ ఆగస్టు మొదట్లో, మన ఊళ్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రోజుల్లో గోడ మీది ప్రతి బాల్కనీ నీడా గీత గీసినట్టు నిలువుగా కిందికి జారుతుంది. తల మాడుతుంది, నిజమే, టోపీ పెట్టుకోండి. సికింద్రాబాద్ డాబాల అడ్డగీతలకి ఆ నిలువు నీడలు పడితే ఎలా ఉంటుందో ఒక్కసారి చూసినవాళ్లు మధ్యాహ్నాన్ని తిట్టరు.

సాయంత్రం పొద్దు గుంకాక ఉండే నీలం వెలుగు మన దగ్గర మహా అయితే ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. భూమధ్యరేఖకి కాస్త దగ్గరగా ఉన్నాం కదా, చీకటి గబుక్కున పడిపోతుంది. అద్దాల బిల్డింగులకి ఆ ఇరవై నిమిషాలే ప్రాణం. అంతకుముందు అద్దంలో ఆకాశం తప్ప ఏమీ కనపడదు, ఆ తర్వాత లోపలి ట్యూబులైట్లు తప్ప ఏమీ కనపడవు. రెండూ సమానమయ్యేది ఆ కొద్దిసేపే. ఇక రాత్రి ఫోటోలంటే రంజాన్ నెలలో పాతబస్తీ, ఇంకో మాట లేదు. వీధి దీపాలు ఇదివరకు నారింజ రంగు సోడియం బల్బులు, ఇప్పుడు తెల్లటి ఎల్‌ఈడీలు. ఎల్‌ఈడీల కింద షట్టర్ స్పీడు మరీ ఎక్కువ పెడితే ఫోటోలో అడ్డంగా చారలు వస్తాయి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెట్టుకుంటే చాలావరకు తప్పుతుంది. వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల సర్దుబాటు, ఆటోలో వదిలేస్తే ఒక ఫోటో పచ్చగా ఒకటి నీలంగా వస్తుంది, డేలైట్‌లో పెట్టి మర్చిపోండి.

వానాకాలం సంగతి ఒక్క ముక్కలో: వాన వెలిసిన అరగంటకి గ్రానైట్ ముదురు రంగు తిరుగుతుంది, గుంతల్లో ఊరు తలకిందులుగా కనిపిస్తుంది. హైదరాబాద్ రోడ్లు ఫోటోగ్రాఫర్లకి చేసే మేలు ఇదొక్కటే.

ఏ లెన్సు?

వైడ్ లెన్సు అంటే నాకు ఇప్పుడు కాస్త భయం, డబ్బులు పోసిన వాణ్ణి కాబట్టి చెప్పగలను. ఎంఎం అంకె ఎంత తగ్గితే లెన్సు అంత వెడల్పు పడుతుంది. 16 ఎంఎం దగ్గర చార్మినార్ మొత్తం పడుతుంది, కానీ తల పైకెత్తి తీస్తారు కాబట్టి నాలుగు మినార్లూ వెనక్కి వాలిపోతాయి. ఫోన్‌లో 0.5 నొక్కినా ఇదే కథ. చుట్టూ ఉన్నదంతా చిన్నదైపోయి మధ్యలో భవనం ఒంటరిగా మిగులుతుంది. ఒంటరిగా ఉండడం ఈ ఊరి లక్షణం కానే కాదు. ఇక్కడ ఏదైనా ఇంకోదాన్ని ఒరుసుకునే ఉంటుంది.

35 ఎంఎం అయితే మీరు నడిచేటప్పుడు కళ్లకి కనిపించేదానికి దగ్గరగా ఉంటుంది, కమాను, కమాను కింద దుకాణం, దుకాణం ముందు మనిషి ముగ్గురూ పడతారు. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సు 18–55 ఉన్నవాళ్లు క్రాప్ సెన్సారు (చిన్న సెన్సారు) కెమెరాలో 23 దగ్గర ఆపితే ఇదే వస్తుంది, కొత్తది కొనక్కర్లేదు. పాతబస్తీకి, సికింద్రాబాద్‌కి నా ఓటు దీనికే.

85 నుంచి 200 దాకా ఉండే, దూరాన్ని దగ్గరకి లాగే టెలి లెన్సులు భవనాలకి పనికిరావని ఒక అపోహ. పడమటి వైపుకి అవే కావాలి. దూరం నుంచి తీస్తే బండా టవరూ పక్కపక్కకి వచ్చి నిలబడతాయి, ఆ పంచాయితీ కనపడేది అప్పుడే. పత్తర్‌గట్టీలో కూడా ఎదురు బిల్డింగు రెండో అంతస్తు నుంచి 85తో తీస్తే గీతలు ఏవీ వాలవు, ఎందుకంటే కెమెరా పైకెత్తక్కర్లేదు. పైకెక్కడానికి అడగాలి. అడిగితే పాతబస్తీలో పదిమందిలో ఏడుగురు కాదనరని నా అనుభవం, చాయ్ కూడా ఇప్పిస్తారు, గంట పోతుంది.

గీతలు నిటారుగా రావాలంటే ఇంకా దారులున్నాయి. టిల్ట్-షిఫ్ట్ అనే లెన్సులు ఉన్నాయి, పేరున్న కంపెనీలవి లక్ష దాటుతాయి, వృత్తిగా చేసేవాళ్లకే అవి. నిజానికి ఆ పని కొత్తదేం కాదు, పాతకాలపు చెక్క కెమెరాల్లో లెన్సు పలకని పైకి జరిపేవాళ్లు, అందుకే ఆరో నిజాం కొలువులో ఫోటోలు తీసిన రాజా దీన్ దయాళ్ కాలం నాటి ఫోటోల్లో స్తంభాలు అంత నిటారుగా ఉంటాయి. మనలాంటి వాళ్లం అయితే స్నాప్‌సీడ్ అనే ఫోన్ యాప్‌లో పర్‌స్పెక్టివ్ అని ఉంటుంది, దాంట్లో సరిచేసుకోవచ్చు, కాకపోతే అంచులు కోతకి పోతాయి. అందుకని తీసేటప్పుడే చుట్టూ కాస్త జాగా వదలండి. మరీ నూటికి నూరుపాళ్లు నిటారు చేసినా భవనం పైభాగం బరువెక్కినట్టు వింతగా ఉంటుంది, కొంచెం వాలు ఉంచేయడమే నాకు ఇష్టం.

ఫోనా, కెమెరానా

పగటి వెలుతురులో, వీధిలో, జనం మధ్య అయితే ఫోనే. నేను ఫుల్ ఫ్రేము (పెద్ద సెన్సారు) కెమెరా తీసిన మరుక్షణం లాడ్ బజార్‌లో ముగ్గురు సరిగ్గా నిలబడతారు, ఇద్దరు తప్పుకుంటారు, ఒకాయన "ఏ చానల్ సార్" అని అడుగుతాడు. ఫోన్‌కి ఎవరూ తల తిప్పరు. మామూలు ఫోన్‌లో 1ఎక్స్ అంటే దాదాపు 24 నుంచి 26 ఎంఎం, నా లెక్కన అది కాస్త వెడల్పు, 2ఎక్స్ మంచిదైతే అది వాడండి. గ్రిడ్ గీతలు ఆన్ చేసుకోండి, సగం వంకరలు అక్కడే పోతాయి.

నీలం వెలుగు, రాత్రి, పెద్ద ప్రింటు, ఈ మూడింటికీ కెమెరా. ఫోన్ నైట్ మోడ్ ఆకాశాన్ని పగల్లాగా చేసేస్తుంది, చీకటి చీకటిగా ఉండనివ్వదు. కెమెరా అంటే ట్రైపాడ్ కూడా గుర్తొస్తుంది, దాంతో జాగ్రత్త. పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్‌కి ముందస్తు అనుమతి కావాలి. బయట రోడ్డు మీద కూడా ఒకసారి ఒక పెద్ద భవనం ముందు ట్రైపాడ్ వేశానని సెక్యూరిటీ అతను పావుగంట నిలబెట్టి, ఫోటోలన్నీ చూపించమన్నాడు. నీలం వెలుగు ఆ పావుగంటలోనే పోయింది. అప్పట్నుంచి పిట్టగోడ మీద కెమెరా పెట్టి, రెండు సెకన్ల టైమరు వేసి తీస్తున్నాను. డ్రోను ఆలోచన ఉంటే 2021 నిబంధనల ప్రకారం మీ ప్రాంతం ఏ రంగు జోన్‌లో ఉందో మ్యాపులో చూసుకున్నాకే ఎగరేయండి. నన్నడిగితే పైనుంచి చూస్తే ఈ ఊరు నీళ్ల ట్యాంకుల గుంపు.

రంగులా, నలుపు తెలుపా? జనంతోనా, జనం లేకుండానా?

మూసీ ఒడ్డు భవనాలకి నలుపు తెలుపు బాగుంటుంది, ఆ కమాన్ల లోతు అంతా నీడల్లోనే ఉంది. పాతబస్తీని నలుపు తెలుపు చేస్తే మాత్రం నాకు నచ్చదు. మసీదు పచ్చరంగు, బిర్యానీ హోటల్ బోర్డు ఎరుపు, గాజుల దుకాణం లైట్లు, ఇవన్నీ తీసేసి మిగిలిన రాయిని చూపించి ఇదే పాత హైదరాబాద్ అనడం కొంచెం మోసమే. ఎక్కువమంది నలుపు తెలుపు చేసేది ఫ్లెక్సీలు కనపడకుండా ఉండటానికి, నేనూ చేశాను. ఇప్పుడు ఇంకో అడుగు ముందుకేసి వైర్లనీ ఫ్లెక్సీలనీ ఫోన్‌లోనే వేలితో రుద్ది చెరిపేస్తున్నారు. ఆ స్తంభం మీద మీటరు, వైరు, నిమ్మకాయ చెరిపేస్తే ఏం మిగులుతుందో ఆలోచించండి.

జనం లేకుండా కావాలంటే తెల్లవారకముందే వెళ్లాలి, చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపేశాక అది ఇదివరకటి కన్నా తేలిక, పావురాలు తప్ప ఎవరూ ఉండరు. కట్టడం తీరు చూపించడానికి అది మంచిది. స్వభావం చూపించాలంటే మాత్రం పత్తర్‌గట్టీలో పదిన్నర, పదకొండు మధ్య నిలబడమంటాను, షట్టర్లు ఒక్కొక్కటే లేచే టైమది. ఒక దుకాణం తెరిచి, పక్కది మూసి, ఇంకోదాని ముందు నీళ్లు చల్లుతూ ఉంటారు. కమాను అదే, కానీ ప్రతి కమానుదీ వేరే గంట. మొహాలు దగ్గరగా పడేట్టయితే అడగండి, ఆడవాళ్లని అయితే తప్పనిసరిగా. వద్దంటే వద్దు.

ఇవన్నీ చదివి ఇంకా తేల్చుకోలేకపోతున్న వాళ్లకి నేను చెప్పేది: ఉన్న ఫోనే తీసుకుని, సెల్ఫీ స్టిక్కు ఇంట్లో వదిలేసి, పొద్దున ఎనిమిదింటికి మదీనా చౌరస్తాలో దిగి, మొదటి గంట ఫోన్ జేబులోనే ఉంచండి. పడమటి వైపు నడవాలో నడవండి. ఇరానీ చాయ్ ఒకటి తాగి, ఎక్కడ రెండోసారి వెనక్కి తిరిగి చూశారో అక్కడికి వెళ్లి నిలబడండి. ఆ చోటుకే మళ్లీ వచ్చే వారం, అదే టైముకి. మూడో వారం వేరే టైముకి. అప్పటికి మీకు ఏ లెన్సు తక్కువైందో మీకే తెలుస్తుంది, నన్ను అడగక్కర్లేదు.

నేనైతే జూన్ కోసం చూస్తున్నాను. ఆ నెలలో సూర్యుడు ఈశాన్యం నుంచి లేస్తాడు, చలికాలమంతా నీడలో ఉన్న ఆ ఉత్తరపు ముఖం మీద పొద్దున కాసేపు ఏటవాలు ఎండ పాకుతుంది. మబ్బు పట్టకపోతే ఆరున్నరకల్లా మచిలీ కమాన్ కింద ఉంటాను. పట్టినా ఉంటాను, చాయ్ దుకాణం అప్పటికే తెరుస్తారు.